దుబాయి నాలుగు గంటలేనట!

"దుబాయి ఎంత దూరం, నాలుగు గంటలే కదా!" మా కొడిమ్యాల వైపు ఈ మాట వినని ఇల్లు ఉండదు. కొడుకును పంపేటప్పుడు తల్లికి చెబుతారు, భర్తను పంపేటప్పుడు భార్యకు చెబుతారు. నాకైతే ఆ మాట అస్సలు నచ్చదు.

లెక్క తప్పని కాదు. శంషాబాద్ నుంచి దుబాయికి సుమారు 2,550 కిలోమీటర్లు. మధ్యలో ఆగని విమానమైతే దాదాపు నాలుగు గంటల్లో దించేస్తుంది. టికెట్ మీద చూస్తే ఇంకా తక్కువ అనిపిస్తుంది. వాళ్ల గడియారం మనకంటే గంటన్నర వెనక కదా! ఇక్కడ రాత్రి పదింటికి ఎక్కితే అక్కడ పన్నెండున్నరకే దిగినట్టు ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి నిజానికి కొంచెం తక్కువే పడుతుంది, కానీ టికెట్ మీద ఐదు గంటలు కనిపిస్తుంది. పోవడం దగ్గర, రావడం దూరం! మన ఇళ్ల సంగతి ఆ టికెట్‌కు తెలిసినట్టే ఉంది.

ఇక మన గడప నుంచి శంషాబాద్‌కు కరీంనగర్, సిద్దిపేట మీదుగా నాలుగైదు గంటల రోడ్డు. మూడు గంటల ముందే అక్కడ ఉండాలి. గాలిలో ఉన్నంతసేపటికి రెట్టింపు నేల మీదే అయిపోతుంది. అయినా మా అత్తమ్మ తరం ఇది కూడా సుఖమే అంటుంది. "బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి" అని మన కరీంనగరోళ్ల బతుకును ఊరికే అనలేదు. దుబాయి విమానం కోసం చాలామంది ముందు బొంబాయి చేరాల్సి వచ్చేది. శంషాబాద్ విమానాశ్రయం 2008లో వచ్చింది. ఇప్పుడు మామునూరు, జక్రాన్‌పల్లి అంటున్నారు. రానీయండి, సంతోషమే.

కానీ మన దూరాన్ని కొలిచేది విమానం కాదు, సెలవు. మా మామయ్య పోయినప్పుడు మరిది అక్కడే ఉన్నాడు. విమానం ఉంది, సీటు ఉంది. పాస్‌పోర్టు మాత్రం కంపెనీ దగ్గర ఉంది. తండ్రిని కడసారి ఫోన్‌లోనే చూసుకున్నాడు. పదకొండో రోజుకు ఇల్లు చేరాడు. నాలుగు గంటల దూరం!

అక్కడి కార్మిక చట్టం ప్రకారం ఏడాది పనిచేసినవాళ్లకు జీతంతో 30 రోజుల సెలవు ఉంది. పాస్‌పోర్టు కంపెనీ దాచుకోకూడదు. ఈ సంగతి ఏజెంటు ఎందుకు చెబుతాడు?

వీసాకు డబ్బు చాలకపోతే పుస్తెలతాడు కుదువ పెట్టేది మనం. మాటలయ్యేటప్పుడు మాత్రం వంటింట్లో చాయ్ పెడుతుంటాం. చాయ్ ఇచ్చి అక్కడే కూర్చోండి అంటాను నేను. సెలవు ఎన్ని నెలలకు? రానూపోనూ టికెట్ ఎవరిది? ఇంట్లో చావు జరిగితే ఎన్నాళ్లలో పంపుతారు? ఇవి అడగండి. "ముందు విజిట్ వీసా మీద పోనీయండి, అక్కడ పని వీసా చేయిస్తా" అంటే గట్టిగా వద్దనండి. పదో తరగతి పాస్ కానివాళ్లు పద్ధతిగా అనుమతి తీసుకుని పోతే ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల బీమా ఉంటుంది. రెండేళ్లకు కట్టేది 275 రూపాయలే. విజిట్ వీసా మీద పోయినవాళ్లకు అది కూడా ఉండదు.

"మగవాళ్ల మాటల్లో నీకేం పని?" అంటారు. అననీయండి. మరిది ఈసారి కొత్త కంపెనీకి పోయే ముందు కాగితం నేనూ, మా యారాలూ కూర్చుని చదివాం. ఏడాదికోసారి సెలవు అని రాయించాకే సంతకం పెట్టాడు.