ఆదివారం పూజ, సోమవారం తహసీల్దార్ ఆఫీసు



కృష్ణా డెల్టా పల్లెల్లో దళిత క్రైస్తవుల మీద ఒక నింద ఎప్పుడూ నలుగుతూనే ఉంటుంది. ఆదివారం చర్చిలో పూజ, సోమవారం తహసీల్దార్ ఆఫీసులో ‘హిందూ’ అని రాసిన కుల సర్టిఫికెట్. రెండు నాలుకల మనుషులట. ఈ మాట అనేవాళ్లలో కథోలికులూ ఉన్నారు. వాళ్లు తమ తిరుసభ నేర్పే నీతిని ఒకసారి తిరగేస్తే బాగుండును.

ఆ నీతి అబద్ధాన్ని వెనకేసుకు రాదు. మంచి కోసం ఆడినా అబద్ధం అబద్ధమేనని అగస్టీనూ అన్నాడు, అక్వినాసూ అన్నాడు. అయితే చేసిన పని తప్పా కాదా అన్నది ఒక ప్రశ్న. చేసినవాడి మీద ఎంత దోషం పడుతుందన్నది ఇంకో ప్రశ్న. చావైన పాపం కావాలంటే మూడూ కూడాలి: విషయం ఘోరమైనది కావాలి, ఆ సంగతి తెలిసుండాలి, మనసారా ఒప్పుకుని చెయ్యాలి. భయం, బలవంతం, సామాజిక పరిస్థితులు మనిషి బాధ్యతను తగ్గిస్తాయని, ఒక్కోసారి పూర్తిగా తీసేస్తాయని 1992 నాటి సత్యోపదేశ గ్రంథం చెబుతుంది. పాపసంకీర్తనం వినే గురువులకు ఇది రోజూ వేసే లెక్కే.

మరి దళితపేటలోని మనిషికి ఉన్న స్వేచ్ఛ ఎంత? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉన్నారు. మన రాష్ట్రంలో మాల, మాదిగ కుటుంబం క్రైస్తవమని రాయించుకుంటే ఎస్సీల 15 శాతం రిజర్వేషన్ నుంచి బీసీ-సి వాళ్ల 1 శాతంలోకి జారుతుంది. పిల్లలకూ అంతే. ఎస్సీలకు రిజర్వు చేసిన సర్పంచ్ పదవికి నిలబడే వీలుండదు. మతం మారినవారికి అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పిచ్చింది. ఊళ్లో మాత్రం ఇల్లు పేటలోనే ఉంటుంది. కులం పేరుతో తిట్టేవాడు జ్ఞానస్నానం రిజిస్టరు చూసి తిట్టడు కదా!

మనిషిని అతని మనస్సాక్షికి విరుద్ధంగా నడవమని ఏ శక్తీ, ప్రభుత్వం సైతం, ఒత్తిడి చేయరాదని రెండో వాటికన్ మహాసభ 1965 డిసెంబరు 7 నాటి పత్రంలో ప్రకటించింది. పేదల దగ్గర, చదువులేనివారి దగ్గర మాయమాటలతో మత ప్రచారం చేయరాదని ప్రచారకులకూ అదే పత్రం కళ్లెం వేసింది. ప్రలోభపెట్టి మతం మార్చడం తప్పయితే, ఉద్యోగం, పోలీసు రక్షణ చూపించి మతం దాచిపెట్టించడం ఏమవుతుంది? ఇలా మనుషులు కట్టి నిలబెట్టే ఏర్పాట్లనే పోపు రెండో జాన్ పాల్ 1987లో పాప వ్యవస్థలన్నారు.

క్రైస్తవంలో కులం లేదంటారు, మరి ఎస్సీ హోదా ఎందుకని ఎదుటివారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు మేత్రాణులే (బిషప్పులే) ఇచ్చారు. భారత కథోలిక మేత్రాణుల సమాఖ్య 2016 డిసెంబరులో విడుదల చేసిన దళిత సాధికారత విధానం, సభ లోపల అంటరానితనం ఉందని ఒప్పుకుంది. దేశంలోని 1.9 కోట్ల కథోలికుల్లో 1.2 కోట్లు దళితులేనని కూడా చెప్పింది. తిరుచ్చిలో దళితులను వేరుచేస్తూ కథోలిక శ్మశానానికే అడ్డుగోడ కట్టారు. తెలుగువాడైన ఆంథోనీ పూల 2022లో తొలి దళిత కార్డినల్ అయ్యారంటే సంతోషమే. అంతదాకా ఎవరూ లేకపోవడమే అసలు వార్త.

క్రైస్తవ దళితులకు ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో మన శాసనసభ తీర్మానించింది. ఇదే విషయం పరిశీలించడానికి 2022 అక్టోబరులో కేంద్రం వేసిన జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌కు గడువు పొడిగిస్తూ వచ్చారు.

ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మేరీమాత ఉత్సవాలకు లక్షల మంది వస్తారు. ఆ వేదిక మీద సర్టిఫికెట్ తెచ్చుకున్నవాణ్ణి గద్దించే ప్రసంగానికి బదులు, 1950 ఉత్తర్వులో మతం షరతు ఉన్న మూడో పేరాను సవరించమని విజయవాడ మేత్రాసనం బాహాటంగా అడగాలి. 2016 విధానం తన విచారణల్లో (పారిష్‌లలో) ఎంతవరకు అమలైందో కూడా అదే వేదిక మీద చదివి వినిపించాలి.

— ఒక పాఠకురాలు, విజయవాడ