లాల్‌బాగ్ ఖాళీ స్థలం కాదు

బెంగళూరు వెళ్లిన యాత్రికుడు లాల్‌బాగ్‌ను దర్శించకుండా తిరిగి రావడం అరుదు. సరిహద్దుకు ఇవతలనున్న రాయలసీమ వాసులకు ఆ తోట చిరపరిచితం. గణతంత్ర, స్వాతంత్ర్య దినోత్సవాల సందర్భంగా జరిగే పుష్ప ప్రదర్శనలు, 1889లో శంకుస్థాపన జరిగిన గాజు మందిరం, సుమారు 300 కోట్ల సంవత్సరాల వయస్సు గల శిలపై నిలిచిన కెంపేగౌడ గోపురం సందర్శకులను అలరిస్తాయి. అయితే ఈ 240 ఎకరాల సంపద ఎలా సమకూరిందో, దానికి ఎటువంటి ముప్పు పొంచి ఉన్నదో గ్రహించేవారు కొద్దిమందే.

1760లో హైదర్ అలీ ఈ తోటకు అంకురార్పణ చేయగా, టిప్పు సుల్తాన్ విదేశాల నుంచి మొక్కలు తెప్పించి దానిని సుసంపన్నం చేశాడు. 1856లో అది ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానంగా రూపొందింది. 1889లో 30 ఎకరాలు, 1891లో 13 ఎకరాలు, 1894లో మరో 94 ఎకరాలు దానికి జతపడ్డాయి. రాచరికపు రోజుల్లో పెరుగుతూ వచ్చిన తోట, ప్రజాస్వామ్యంలో తరుగుదలకు గురికావడం విచారకరం.

ప్రభుత్వ ఉద్యానవనాల పరిరక్షణకు కర్ణాటకలో 1975లోనే చట్టం వచ్చింది. అయినప్పటికీ 2009లో మెట్రో రైలు మార్గం కోసం లాల్‌బాగ్ అంచున చెట్లు నేలకూలాయి. పౌరులు నిరసనకు దిగారు. 2025లో హెబ్బాళ-సిల్క్‌బోర్డు సొరంగ రహదారికి ఈ తోట భూమిని వినియోగించాలన్న ప్రతిపాదన రావడంతో ఆందోళన మళ్లీ రాజుకుంది.

రవాణా సౌకర్యాల ఆవశ్యకతను ఎవరూ కాదనలేరు. 2017లో లాల్‌బాగ్ మెట్రో స్టేషన్ ప్రారంభమయ్యాక సందర్శకులకు కలిగిన సౌలభ్యం కాదనలేనిది. అసలు లోపం లెక్కల్లో ఉంది. ప్రైవేటు భూమిని సేకరిస్తే నష్టపరిహారం చెల్లించాలి. తోట ప్రభుత్వానిదే గనుక దానిని ఉచితంగా లభించే ఖాళీ స్థలంగా ప్రణాళికా రచయితలు పరిగణిస్తున్నారు. వాన నీటిని నేలలోకి ఇంకించే, నగర తాపాన్ని చల్లార్చే, పేద కుటుంబానికి సైతం సెలవునాటి విశ్రాంతినిచ్చే సేవలకు ఏ వ్యయ పట్టికలోనూ చోటు లేదు. లెక్కకు రానిది విలువ లేనిదిగా చెలామణీ అవుతోంది.

ఈ ధోరణి తెలుగువారికి కొత్తదేమీ కాదు. హైదరాబాదులోని పబ్లిక్ గార్డెన్స్ ఆవరణలో శాసనసభ, జూబిలీ హాలు, మ్యూజియం వెలిశాయి. అవి ఘనమైన కట్టడాలే కావచ్చు; ఆ మేరకు తోట కుదించుకుపోయిన మాట మాత్రం వాస్తవం.

చారిత్రక ఉద్యానంలో ఒక్క ఎకరం తీసుకోవాలన్నా ప్రత్యామ్నాయ మార్గాల వివరాలను ముందుగా ప్రజల ముందుంచాలి. శాసనసభలో చర్చ జరగాలి. తప్పనిసరైన చోట తోటకు ఆనుకొని అంతే భూమిని చేర్చిన తర్వాతే పనులు ఆరంభించాలి. రోడ్డుకు మరో దారి వెతకవచ్చు. శతాబ్దాల వృక్షాలను, కోట్ల ఏళ్ల శిలను తిరిగి సృష్టించడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు.