చందా మాది, సంతకం ఎవరిది?

విజయవాడలో చీరల దుకాణంలో పనిచేశాను. కొనేవాళ్లు కూర్చుంటే మేం నిలబడి చూపించాలి. ఆషాఢం తగ్గింపుల్లో రాత్రి పది దాటినా ఓటీ లేదు. కార్మిక సంఘంలో చేరాం. జీతాల ఒప్పందం మీద నాయకుడు సంతకం పెట్టొచ్చాకే అందులో ఏముందో మాకు తెలిసింది.

కేరళలోని కోజికోడ్‌లో అలా కాదు. అక్కడి మిఠాయి తెరువులో పి. విజి మాలాంటి ఆడవాళ్లను కూడగట్టారు. పెద్ద సంఘాలు పట్టించుకోకపోతే ‘పెన్‌కూట్టు’ పేరుతో సొంత వేదిక కట్టుకున్నారు. ఆ పోరాట ఫలితంగా 2018లో కేరళ చట్టం సవరించి, దుకాణాల్లో కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడూ అదే బాట పట్టింది. అడగాల్సిందేమిటో అక్కడ తేల్చింది నిలబడి కాళ్లు వాచినవాళ్లే.

అసంఘటిత రంగ సంఘాల్లో కనీసం సగం మంది బాధ్యులు ఆ పని చేసేవాళ్లే ఉండాలని చట్టమే చెబుతోంది. కనీస వేతనాలను ఐదేళ్లు మించకుండా సమీక్షించాలనీ ఉంది. అడిగే సంఘం గట్టిదైతేనే ఇవి అమలవుతాయి. సభ్యుల మాట చెల్లని సంఘాన్ని యజమాని లెక్కచేయడు.

కాబట్టి సంఘాల పెద్దలకు నా విన్నపం: ఏ ఒప్పందమైనా సంతకానికి ముందు మాకు చదివి వినిపించండి, రహస్య ఓటుకు పెట్టండి. కౌంటర్ దగ్గర నిలబడే అమ్మాయిలను కమిటీలో కూర్చోబెట్టండి.