కుట్టుమిషన్ ఇచ్చాక ఏమిటి?

మైనారిటీ సంక్షేమం అనగానే మన ప్రభుత్వాలకు మొదట గుర్తుకు వచ్చేది కుట్టుమిషన్. కొన్ని వారాల శిక్షణ, ఒక ధ్రువపత్రం, ఒక ఫొటో. ఆ తర్వాత ఆ సోదరి కుట్టిన జాకెట్టును సత్తెనపల్లిలో ఎవరు కొంటారు, రెడీమేడ్ దుకాణం ధరకు ఆమె ఎలా తట్టుకుంటుంది, లైనింగ్ గుడ్డ ఎక్కడ చవకగా దొరుకుతుంది అన్న ప్రశ్నలు వేసేవారు అరుదు. ఆమెకన్నా ముందు శిక్షణ అవసరమైనది ఆమెకు నేర్పవచ్చినవారికే.

పల్నాటి బతుకుతెరువులో మిర్చిదీ పత్తిదీ పెద్ద వాటా. సాగర్ కుడి కాలువకు నీరు ఆలస్యమైనా, గుంటూరు యార్డులో ధర పడినా, ఆ దెబ్బ రైతు దగ్గరే ఆగదు. ముచ్చికలు తీసే కూలీ, తోపుడుబండి మీద పండ్లు అమ్మే సోదరుడు, పరుపులు కుట్టే దూదేకుల కుటుంబం వరుసగా కుంగిపోతారు. పత్తి పండే నేల మీదనే దూది ఏకే వృత్తి చితికిపోవడం ఎంత విచిత్రం! ఫోము పరుపులు వచ్చాక ఆ ఇంటికి కొత్త యంత్రం ఇచ్చినంత మాత్రాన ఒరిగేది స్వల్పం. ఊళ్లోని హాస్టళ్లు, ఆసుపత్రులు పరుపులు ఎవరి వద్ద కొంటున్నాయి, టెండరులోని ఏ నిబంధన చిన్న పనివారిని గుమ్మం బయటే నిలబెడుతోంది అని కనిపెట్టగల కార్యకర్త కావాలి.

బంగ్లాదేశ్‌లో కటలిస్ట్ అనే ప్రాజెక్టు ఈ పద్ధతిలోనే నడిచింది. మేలైన కూరగాయల విత్తనాలు పెద్ద ప్యాకెట్లలో వస్తే చిన్న రైతు కొనలేడు. ప్రాజెక్టువారు ఉచితంగా పంచే దారి పట్టకుండా, విత్తన కంపెనీలను ఒప్పించి చిన్న ప్యాకెట్లను బజారులోకి తెప్పించారు. కంపెనీ లెక్క, దుకాణదారు లెక్క, పేదవాడి జేబు లెక్క మూడూ తెలిసిన సిబ్బందికే అది సాధ్యం.

మనకు ఆ తెలివి లేదనలేము. 2000లో మొదలైన వెలుగు పథకం నాటి నుంచి ఎదిగిన మన గ్రామీణ మహిళలు కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లుగా బిహార్ వెళ్లి అక్కడి అక్కచెల్లెళ్లకు సంఘాలు కట్టడం నేర్పారు. అయితే పొదుపు, అప్పు నేర్పినంత బాగా అమ్మకం నేర్పలేదు. రాబడి పెరగకుండా అప్పు మాత్రమే పెరిగితే ఏమవుతుందో 2010లో సూక్ష్మరుణ సంస్థల వ్యవహారంలో చూశాం. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. పైగా వడ్డీ లావాదేవీకి మనసొప్పక సంఘాలకు దూరంగా నిలిచే ముస్లిం మహిళలకు అప్పు తప్ప మరో తలుపు తెరవని శిక్షణ ఏ విధంగా ఉపయోగం? ముస్లింలలో స్వయం ఉపాధిపై బతికేవారు ఎక్కువనీ, బ్యాంకు రుణాల్లో వారి వాటా తక్కువనీ సచార్ కమిటీ 2006లోనే తేల్చింది.

చేతిలో ఉన్న చట్టాన్నీ మనం వాడుకోవడం లేదు. 2014 నాటి వీధి విక్రేతల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది విక్రేతలు ఎన్నుకున్న విక్రేతలే ఉండాలి. వారిలో మూడోవంతు మహిళలు, మైనారిటీలకూ తగిన ప్రాతినిధ్యం ఉండాలి. సర్వే పూర్తయి, విక్రయ పత్రాలు అందేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఈ సంగతి తెలియని రిసోర్స్ పర్సన్, బండి తీసేయమంటే కన్నీళ్లు పెట్టుకున్న విక్రేతకు మరో రుణ దరఖాస్తు మాత్రమే చూపగలరు.

కాబట్టి మెప్మా సిబ్బంది శిక్షణలో ఈ చట్టం ఒక పాఠం కావాలి. తరగతి గదిలో కొన్ని రోజులు తగ్గించి, యార్డులో వేలం, కాటా, కమీషన్ చూపించాలి. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన మన ఆడపిల్లలను ఆ కొలువుల్లోకి తీసుకోవాలి. సత్తెనపల్లి పాఠకులు ఈ నెలలో పురపాలక కార్యాలయానికి వెళ్లి రెండు ప్రశ్నలు లిఖితపూర్వకంగా అడగాలని కోరుతున్నాం: టౌన్ వెండింగ్ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది? అందులో మైనారిటీ సభ్యులు ఎందరు?