ఆ తీర్పులో రెండో సగం

ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు కోర్టుల్లో ఏళ్ల తరబడి ముందు పెట్టుకుని వాదించిన తీర్పు సికింద్రాబాద్‌లో ఒక పేకాట బల్ల దగ్గర మొదలైంది. 1963లో అక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడిచేసి, డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నవాళ్లను పట్టుకున్నారు. నిజాం కాలం నాటి జూద చట్టం కింద పెట్టిన ఆ కేసు సుప్రీంకోర్టు దాకా నడిచింది. 1967 నవంబరులో జస్టిస్ హిదాయతుల్లా ఇచ్చిన తీర్పు సారం ఇది: రమ్మీ మూడు ముక్కలాట వంటిది కాదు. ఏ ముక్కలు పడ్డాయో గుర్తుంచుకోవాలి, చేతిలో ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి. అదృష్టం కన్నా నేర్పు పాలే ఎక్కువ. క్లబ్బువాళ్లు బయటపడ్డారు.

తీర్పు అక్కడితో ఆగలేదు. క్లబ్బు నడిపేవాడు ఆ ఆట మీద లాభం చేసుకుంటున్నట్టు రుజువైతే అప్పుడు నేరం కావచ్చని అదే కోర్టు అంది. పేకల కోసమని కాస్త రుసుము తీసుకుంటే తప్పులేదు గానీ అది మరీ భారీగా ఉండకూడదంది. మొదటి సగాన్ని అందరూ కంఠస్థం చేశారు. రెండో సగాన్ని దాదాపు వదిలేశారు. నా దృష్టిలో విలువైనది ఆ రెండో సగమే. ఆటలో నేర్పెంత, అదృష్టమెంత అని తూచడం కన్నా, బల్ల ఎవరిది, ఆడినంతసేపూ అతనికి ముట్టేదెంత అని అడగడం మనకు ఎక్కువ అవసరం.

క్లబ్బులో ఆడేవాడికి ఎదురుగా మనుషులుండేవారు. చేతిలో డబ్బు అయిపోతే "ఇంక చాల్లే, ఇంటికెళ్లు" అని లేపే స్నేహితుడు ఒక్కడైనా ఉండేవాడు. రాత్రికి తలుపులు మూసేవారు. అంతకుమించి, కబురు ఇంటికి చేరేది. ఫోన్‌లో రమ్మీకి ఇవేవీ ఉండేవి కావు. అర్ధరాత్రి రెండింటికీ బల్ల తెరిచే ఉండేది, ప్రతి ఆటలోనూ కంపెనీ కమీషన్ తీసుకునేది, నాలుగు రోజులు కనిపించకపోతే బోనస్ ఇస్తామని మెసేజ్ పంపి మళ్లీ కూర్చోబెట్టేది. నైపుణ్యం ఆడేవాడిదే కావచ్చు, ఆదాయం మాత్రం ఆడించేవాడిది. జీతం డబ్బులూ, అప్పు ఇచ్చే యాప్‌ల డబ్బులూ అందులో పోసి ప్రాణాలు తీసుకున్నవాళ్ల వార్తలు రెండు తెలుగు రాష్ట్రాల పత్రికల జిల్లా పేజీల్లోనూ చదివాం.

2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీకి నైపుణ్యం పేరుతో ఉన్న మినహాయింపు తీసేశాయి. ఫోన్‌లో లొకేషన్ మార్చి ఆడేవాళ్లు ఆడుతూనే వచ్చారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ ఒక చట్టం చేసింది. నేర్పయినా, అదృష్టమయినా, గెలిస్తే డబ్బు వస్తుందన్న ఆశతో డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆట నడపడం నిషిద్ధమంది. నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనల్లో కనిపించేవాళ్లకూ శిక్ష ఉంది. ఆడినవాడిని మాత్రం నేరస్థుడిగా చూడలేదు. ఈ చట్టంలో నాకు బాగా నచ్చింది అదే. ఉభయ సభల్లో రెండు రోజుల్లో ముగిసిన చర్చ ఇంకా లోతుగా సాగి ఉంటే బాగుండేది, ఎందుకంటే బల్ల యజమాని గురించిన ప్రశ్న పేకాటతో ఆగేది కాదు.

అది మన పిల్లలు ఆడే వీడియో గేముల్లోనూ ఉంది.

ఇళ్లలో వీటి గురించి జరిగే గొడవంతా గంటల గురించే. ఎంతసేపు ఆడాడు, కళ్లు ఏమవుతాయి, మార్కులు ఏమవుతాయి. ఈ భయాలు అబద్ధమని నేను అనను. కానీ ఒక పిల్ల మైన్‌క్రాఫ్ట్‌లో రెండు గంటలు కూర్చుని దిమ్మె మీద దిమ్మె పేర్చి కోట కట్టిందంటే ఆ రెండు గంటలు పాడైపోయాయని ఎవరన్నా నేను ఒప్పుకోను. నలుగురు కుర్రాళ్లు జట్టు కట్టి, ఎవరు ముందుకెళ్లాలో ఎవరు కాపు కాయాలో అరుచుకుంటూ ఆడే ఆటలో స్నేహం ఉంది, ఆలోచన ఉంది. ఆటను ఆటగా గౌరవించకుండా దాన్లో దొంగతనం ఎక్కడ జరుగుతోందో పట్టుకోలేం.

బీజీఎంఐ అనే షూటింగ్ గేము ఆడే పదో తరగతి పిల్లవాణ్ని యూసీ అంటే ఏమిటని అడగండి. రూపాయలు పెట్టి యూసీ కొనాలి, యూసీ పెట్టి క్రేట్ తెరవాలి. క్రేట్‌లో ఏముందో తెరిచేదాకా తెలియదు. ఉండేది ఒక డ్రెస్సో, తుపాకీకి కొత్త రంగో. దాంతో గురి పెరగదు, గెలుపు దగ్గర కాదు. అయినా మామూలు బట్టల్లో దిగినవాణ్ని తోటివాళ్లు నూబ్ అంటారు, ఆ మాట పద్నాలుగేళ్లవాడికి తగులుతుంది. కావలసింది రాకపోతే ఇంకొకటి తెరుస్తాడు. రూపాయి మధ్యలోనే యూసీగా మారిపోయింది కాబట్టి ఎంత పోయిందో లెక్క కళ్లకు కనపడదు. నాన్న ఫోన్‌లో యూపీఐ పిన్ తెలిసిన పిల్లవాడి విషయంలో ఆ లెక్క నెలాఖరుకు గానీ బయటపడదు. దీన్నే ప్రపంచమంతా లూట్ బాక్స్ అంటోంది. ఇందులో నేర్పు రవ్వంత కూడా లేదు. సికింద్రాబాద్ క్లబ్బుకు దొరికిన మినహాయింపు దీనికి ఏ లెక్కన చూసినా దొరకదు. కొత్త చట్టంలో మాత్రం దీని పేరే లేదు. గెలిస్తే వచ్చేది నోటు కాదు, బొమ్మ డ్రెస్సు కాబట్టి ఇది జూదం కాదని కంపెనీలు వాదించుకోవచ్చు. పిల్లవాడి నుంచి పోయేది మాత్రం అసలైన నోటే.

వేరే దేశాలు ఈ సంగతి ముందే గుర్తించాయి. పెట్టెల్లో వచ్చే వస్తువుల సెట్టు పూర్తిచేస్తేనే పెద్ద బహుమతి అనే పద్ధతిని జపాన్ 2012లోనే చట్టవిరుద్ధం అంది. ఏ వస్తువు ఎంత శాతం అవకాశంతో వస్తుందో చెప్పి తీరాలని చైనా 2017లో నిబంధన పెట్టింది. 2018 ఏప్రిల్‌లో బెల్జియం జూద నియంత్రణ సంఘం ఫిఫా 18, ఓవర్‌వాచ్, కౌంటర్ స్ట్రైక్ గేముల్లోని లూట్ బాక్సులను పరిశీలించి, డబ్బు తీసుకుని తెరిపించే ఈ పెట్టెలు తమ జూద చట్టానికి విరుద్ధమని తేల్చింది.

2025 చట్టం కింద నియమాలు రాసేవాళ్లు మూడు మాటలు చేరిస్తే చాలు: పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు డబ్బుతో తెరిచే పెట్టె వద్దు, పెద్దవాళ్లకైతే ప్రతి పెట్టె మీదా ధర రూపాయల్లోనే కనపడాలి, ఏది ఎంత శాతం వస్తుందో తెలుగుతో సహా అన్ని భాషల్లోనూ అక్కడే రాసి ఉండాలి. ఇలా చేస్తే ఆటల పరిశ్రమ దెబ్బతింటుందనే వాదన తప్పక వస్తుంది. అప్పట్లో ఫిఫా గేము తయారుచేసిన ఈఏ కంపెనీ మొదట్లో బెల్జియంతో విభేదించింది, చివరకు 2019 జనవరి ఆఖరున అక్కడ పెట్టెలు కొనడానికి వాడే ఫిఫా పాయింట్ల అమ్మకం ఆపేసింది. ఆ దేశంలో ఫిఫా అమ్మకం ఆగలేదు, ఆడేవాళ్లు ఆ తర్వాతా ఆడుతూనే వచ్చారు.