షాట్జాల్ప్ కొండరైలు

జనవరి వచ్చిందంటే మన పత్రికలకు దావోస్ జ్వరం పట్టుకుంటుంది. ముఖ్యమంత్రులు, ఒప్పందాలు, మెడకు చుట్టిన ఉన్ని మఫ్లర్లు: మనకు తెలిసిన దావోస్ అంతే. ఆ ఊళ్ళోంచి షాట్జాల్ప్ అనే గట్టుకు 1899 చివర్లో మొదలై నేటికీ నడుస్తున్న చిన్న ఫ్యునిక్యులర్ రైలు ఉందని ఏ విలేఖరీ రాయగా నేను చదవలేదు.

దాని పనితీరు మన గిలకబావి వంటిదే. ఒకే ఉక్కుతాడుకు రెండు పెట్టెలు. ఒకటి దిగుతూ రెండవదాన్ని పైకి లాగుతుంది. మధ్యదారిలో రెండూ తప్పుకుంటాయి. ఎక్కేది సుమారు 300 మీటర్ల ఎత్తు మాత్రమే.

ఇలాంటి బండ్లను "వారసత్వ సంపద" అంటూ పాతదనానికే మెచ్చుకోవడం నాకు రుచించదు. షాట్జాల్ప్ రైలు విలువ దాని వయసులో లేదు, అది ఎవరికోసం పుట్టిందన్న దానిలో ఉంది. ఊరి మరో కొసన 1931లో మొదలైన పార్సెన్ రైలు స్కీ ఆటగాళ్ళది. ఇది మాత్రం నాలుగడుగులు వేస్తే ఆయాసపడే క్షయరోగులను పైనున్న శానటోరియంకు చేర్చడానికి వేసినది. దాని వెనుక ఉన్న హాల్స్‌బోర్ అనే డచ్చివాడు 1867లో జబ్బుపడిన భార్యను దావోస్ తీసుకొచ్చాడు, ఆమె బతకలేదు. అతడు అక్కడే ఉండిపోయి, 1890లో ఆ ఊరికి రైలు రప్పించాడు. శానటోరియం తలుపులు తెరుచుకోక మునుపే, 1898లో, తానూ పోయాడు. కొండగాలి క్షయను నయం చేస్తుందన్న నమ్మకం ఆ కాలానిది. మన మదనపల్లె ఆరోగ్యవరమూ ఆ నమ్మకపు నీడలో వెలిసినదే.

ఇవాళ స్కీ కేంద్రాల గొప్ప అంతా గంటకు ఎన్ని వేలమందిని శిఖరానికి ఎత్తిపోయగలరన్న లెక్కలో ఉంది. ఆ లెక్కలో ఈ బండి ఎప్పుడూ ఓడిపోతుంది. ఓడిపోనివ్వండి! కాళ్ళు సత్తువగా ఉన్నవాడికే కొండ అన్న పద్ధతికి ఇది పుట్టుకతోనే ఎదురు. స్కీలు ఎరుగని ముసలమ్మా, చక్కబండి మీద జారడానికి వచ్చిన పిల్లవాడూ ఒకే పెట్టెలో ఎక్కుతారు. దీన్ని మార్చి వేగపు కేబిన్లు వేయాలని ఎవరైనా అంటే, కూడదనే నా అభిప్రాయం.

థామస్ మాన్ 1924 నాటి నవల "మాయా పర్వతం"లో ఒక పాత్ర చెబుతుంది: చలికాలంలో షాట్జాల్ప్ నుంచి శవాలను మంచుబళ్ళ మీద కిందికి దింపుతారని. అది కల్పన కావచ్చు. పైకి వెళ్ళినవాళ్ళందరూ తిరిగి ఈ రైల్లో దిగలేదన్నది మాత్రం కల్పన కాదు. స్ట్రెప్టోమైసిన్ వంటి మందులు వచ్చాక, 1950లలో ఆ శానటోరియం హోటలయింది. రోగులు దుప్పట్లు కప్పుకుని పడుకున్న బాల్కనీల్లో ఇప్పుడు విహారయాత్రికులు ఎండ కాచుకుంటున్నారు.