పిల్లల ఊబకాయం: నేరం అమ్మలదేనా?

ఈ మధ్య ఏ పత్రికలో ఆరోగ్యం పేజీ తిరగేసినా, ఏ టీవీలో డాక్టరుగారి సలహాలు విన్నా ఒక మాట తప్పకుండా వినిపిస్తోంది: జీవనశైలి. పిల్లలు లావైపోతున్నారు, కారణం జీవనశైలి. బయటి తిండి మాన్పించండి, ఫోన్ చేతికివ్వకండి, ఇంట్లో వండిపెట్టండి, రోజూ గంటసేపు ఆడించండి. ఈ సలహాల్లో తప్పేమీ లేదు. కానీ ఈ పనులన్నీ చేయాల్సింది ఎవరు? పేరు చెప్పకపోయినా మనందరికీ తెలుసు. అమ్మ. ఆమె బయటికి వెళ్లి పనిచేసే స్త్రీ అయితే నేరం ముందే రుజువైపోయినట్టు.

'శైలి' అంటే మనం ఎంచుకునేది. మన పిల్లల తిండీ, ఆటా, నిద్రా నిజంగా ఆ ఇళ్లలోని స్త్రీలు ఎంచుకుంటున్నవేనా? ఈ ప్రశ్న వేయకుండా ఊబకాయం గురించి మాట్లాడటమంటే ఒక సామాజిక సమస్యను వంటింట్లోకి నెట్టి తలుపేయడమే.

ఇది డబ్బున్నవాళ్ల పిల్లల గొడవ, మనకెందుకు అనుకునేవాళ్లు మన సంఘాల్లోనూ ఉన్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువున్నవాళ్లు 2015-16లో 2.1 శాతం, 2019-21 నాటికి 3.4 శాతం. సంఖ్య చిన్నదే, కానీ పెరుగుతోంది. అదే 2019-21 సర్వేలో వయసుకు తగిన ఎత్తు పెరగని పిల్లలు 35.5 శాతం. ఈ రెండూ ఒకదానికొకటి వ్యతిరేకం అనుకుంటే పొరపాటు. పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూర అందని చోట ఆకలిని పిండి, నూనె, చక్కెరలతో తీర్చుకోవాల్సి వస్తుంది. కడుపు నిండుతుంది, పోషణ మాత్రం అందదు. ఒకే బస్తీలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో, బక్కచిక్కిన బిడ్డా ఊబకాయమున్న బిడ్డా కనిపించడానికి కారణం ఇదే.

ఇక సమయం మాట. 2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. పురుషులైతే 88 నిమిషాలు. అదీ ఎంతో కొంత ఇంటిపని చేసే పురుషుల సగటు మాత్రమే, అసలు చేయనివాళ్లు ఈ లెక్కలో లేరు. తెల్లవారకముందే లేచి నాలుగిళ్లలో పాచిపని చేసి వచ్చిన తల్లి, రోజంతా బీడీలు చుట్టిన తల్లి, సాయంత్రం బిడ్డ చేతిలో ఐదు రూపాయలు పెడితే దాన్ని నిర్లక్ష్యం అంటారా? గుడ్డు కూడా రాని ఆ ఐదు రూపాయలకు చిప్స్ పాకెట్ వస్తుంది. ఆ ధర ఊరికే రాలేదు. పేదల చేతిలోని చిల్లరను లెక్కగట్టుకునే కంపెనీలు దాన్ని నిర్ణయించాయి.

ప్రభుత్వం ఏం చేస్తోంది? కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండిని బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపూ అమ్మకూడదని, ప్రచారం చేయకూడదని 2020లో నిబంధనలు వచ్చాయి. మీ ఊళ్లో బడి గేటు ముందు ఒక్కసారి నిలబడి చూడండి, అవి ఎంతవరకు అమలవుతున్నాయో తెలుస్తుంది. మరోవైపు బిస్కెట్లు, చాక్లెట్లు, ఐస్‌క్రీములపై 18 శాతం ఉన్న జిఎస్‌టిని 2025 సెప్టెంబరులో 5 శాతానికి తగ్గించారు. తల్లులకు మాత్రం నిగ్రహం బోధిస్తారు.

ఆట సంగతీ అంతే. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలి. మరి అపార్టుమెంటు అంతస్తుల్లో నడుస్తున్న బడులకు గుర్తింపు ఎలా వస్తోంది? ఆడపిల్లల పరిస్థితి మరీ అన్యాయం. పెద్దమనిషి అయిందనగానే ఆట మాన్పిస్తారు, వీధిలోకి పోనివ్వరు, కూర్చోబెట్టి చదివిస్తారు. ఆ తర్వాత ఒళ్లొచ్చిందని, పెళ్లెలా అవుతుందని సతాయిస్తారు. ఊబకాయం చర్చ ఆడపిల్లల శరీరాలను తూచే మరో తక్కెడగా మారకుండా చూడటం మన బాధ్యత. మనం మాట్లాడాల్సింది ఆరోగ్యం గురించి, అందం గురించి కాదు.

మార్గాలు లేకపోలేదు. చిలీ దేశంలో 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు, కేలరీలు మితిమీరిన పాకెట్ల మీద నల్లటి అష్టభుజి గుర్తుతో హెచ్చరిక ముద్రిస్తున్నారు. అలాంటి పాకెట్ల మీద పిల్లల్ని ఆకర్షించే కార్టూన్ బొమ్మలు వేయకూడదు, వాటిని బడుల్లో అమ్మకూడదు. మన దేశంలో 2022లో తెచ్చిన ముసాయిదా హెచ్చరికలకు బదులు నక్షత్రాల రేటింగు ప్రతిపాదించింది. ఒక పదార్థంలో చక్కెర ఎంతున్నా కాసిని గింజలో పళ్లో కలిపితే మార్కులు పెరిగే పద్ధతి అది. దాని వల్ల మేలు కంపెనీలకే. పెద్దగా చదువుకోని తల్లికి కూడా ఒక్క చూపులో అర్థమయ్యే హెచ్చరిక గుర్తు కావాలి.

కాబట్టి సంఘాల్లో పనిచేసే మనం దీన్ని హక్కుల సమస్యగా చేపట్టాలి. బడి చుట్టూ 50 మీటర్లను కొలిచి, ఉల్లంఘనలను రాసిపెట్టి అధికారుల ముందుంచవచ్చు. ఆటస్థలం లేని బడికి గుర్తింపు ఎలా ఇచ్చారో సమాచార హక్కు కింద అడగవచ్చు. అంగన్‌వాడీలో గుడ్డు, పాలు సక్రమంగా అందుతున్నాయో లేదో చూడవచ్చు. వండే పని, పిల్లల్ని ఆడించే పని మగవాళ్లదీ అని మన ఇళ్లలోనే పట్టుబట్టవచ్చు. అప్పటిదాకా, తల్లులకు జాగ్రత్తలు చెప్పడానికి పెట్టే ప్రతి సదస్సులోనూ ఒక ప్రశ్న లేవదీద్దాం: తండ్రులనూ కంపెనీలనూ ప్రభుత్వాన్నీ ఎందుకు పిలవలేదు?